శనివారం మాత్రమే పాడయ్యే కంప్యూటర్లు

వారంలో అయిదు రోజులు బుద్ధిగా పనిచేసి శనివారం మాత్రం మొరాయించే కంప్యూటర్లను నా సర్వీసు మొత్తంలో ఒక్క ఆఫీసులోనే చూశాను. అక్కడ ఉన్నవి ముప్పై రెండు. శనివారం మొరాయించేవి ముప్పై ఒకటి. మిగిలిన ఆ ఒక్కటీ ఎందుకు బాగుండేదో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఈలోగా నేను రాసిన నాలుగు ముక్కల వల్ల ఒకావిడ బతుకు తలకిందులయ్యే పరిస్థితి వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీరు దీన్ని పెద్దాయన గొప్పల కింద జమ కట్టకండి. ఇందులో గొప్పగా చెప్పుకోవడానికి నాకేమీ లేదు. నా తెలివితక్కువతనం గురించి నేనే చెబితే మర్యాదగా ఉంటుందని రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. విజయవాడలో ఒక కంప్యూటర్ కంపెనీకి నేను సర్వీసు ఇంజనీర్ని. ఒక స్కూటరు, ఒక టూల్ బ్యాగు, నడుముకు ఇటుకలాంటి సెల్‌ఫోను. ఇబ్రహీంపట్నం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఎక్కడ తెర ఆరిపోయినా నేనే పరుగెత్తాలి. చేనేత సంఘాలకు నూలు సరఫరా చేసే ఒక ఆఫీసు విజయవాడలో ఉండేది. డెల్టా ఊళ్ల నుంచి సంఘాల వాళ్లు వచ్చి, తమకు కావలసిన నూలు రాయించుకుని, స్లిప్పులు తీసుకుని గోడౌనుకు వెళ్లేవాళ్లు. శనివారం నూలు చేతికొస్తే ఆదివారం పడుగు సిద్ధం చేసుకుని సోమవారం మగ్గం ఎక్కించవచ్చని ఆ రోజు రద్దీ ఎక్కువగా ఉండేది.

ఆ ఆఫీసుకు మేం థిన్ క్లయింట్లు అమ్మాం. వాటి సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, తర్వాత మిమ్మల్ని విసిగించను. అరచేతి మందాన ఒక పెట్టె, దాని పక్కన మానిటరు. పెట్టెలో డిస్కు ఉండదు. సొంత బుర్ర ఉండదు. స్విచ్ వేయగానే లోపలి గదిలో ఉన్న సర్వర్‌ని అడుగుతుంది, నేను లేవడానికి కావలసినవి పంపమని. సర్వర్ పంపితే తెర వెలుగుతుంది. కాసేపు అడిగి, జవాబు రాకపోతే ఊరుకుంటుంది. తెర నల్లగా ఉండిపోతుంది, మానిటరు కింద నారింజ రంగు దీపం మాత్రం మిణుకుమంటూ ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసిన విషయాన్ని సమయానికి వాడుకోవడం మాత్రం వేరే విద్య.

బిగించిన రెండో వారం నుంచి మొదలైంది. శనివారం పదీ నలభైకి ఫోను. “ఇంజనీరు గారూ, తెరలన్నీ నల్లబడ్డాయండీ.” నేను ఎక్కడో ఉండేవాణ్ని, పదకొండున్నరకో పన్నెండుకో చేరేవాణ్ని. చేరేసరికి అన్నీ శుభ్రంగా వెలుగుతూ ఉండేవి. వాళ్లు ఒక్కొక్కటే ఆపి, మళ్లీ వేసి, విసిగి, టీకి పోయి వచ్చి మళ్లీ వేసేసరికి ఎప్పుడో లేచి కూర్చునేవి. వరండాలో నేతగాళ్లు మాత్రం బెంచీల మీద కూర్చుని నన్నే దోషిలా చూసేవాళ్లు. సోమవారం వెళ్లి చూసినా, బుధవారం వెళ్లి చూసినా ఏ లోపమూ కనిపించేది కాదు.

మొదటి నెల నా వైద్యం నడిచింది. కేబుళ్లు మార్చాను. మానిటర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చాను. పెట్టెలన్నీ విప్పి లోపలి బటన్ సెల్లులు మార్చాను. శనివారం తెరలు నల్లబడ్డాయి.

రెండో నెల వాళ్ల వైద్యం మొదలైంది. మేనేజరు గారు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, మాట మెత్తన, ఎవరినీ నువ్వు అని ఎరగరు. ఆయన మానిటరు మీద కొండపల్లి దశావతారాలు పది బొమ్మలూ వరసగా నిలబడి ఉండేవి. ఆయన ఒక వాస్తు పండితుణ్ని పిలిపించారు. ఈశాన్యంలో బరువు ఉండకూడదు, సర్వర్‌ని నైరుతికి మార్చమన్నాడాయన. నైరుతి గదిలో పాత ఫైళ్లు, వాటిలో తరతరాలుగా కాపురమున్న ఎలుకలు. రెండు రోజులు కష్టపడి, తీగలన్నీ మళ్లీ లాగి మార్చాను. శనివారం తెరలు నల్లబడ్డాయి.

శనివారం కాబట్టి ఇది శని పనే అని తర్వాత తేల్చారు. సర్వర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. దాని ముందు నువ్వుల నూనె దీపం పెట్టారు. సర్వర్ ఫ్యాను గాలితో పాటు ఆ మసినీ భక్తిగా లోపలికి పీల్చుకునేది. ఒక సోమవారం కీబోర్డు ఒకటి సరిగ్గా పనిచేయడం లేదంటే తిరగేసి తట్టాను. పిడికెడు నల్ల నువ్వులు రాలాయి.

“అవి ఎత్తి జాగ్రత్తగా పెట్టండి సార్, కాలవలో కలపాలి” అన్నాడు అటెండరు.

ఆ ముప్పై రెండింటిలో పద్నాలుగో నంబరు ఒక్కటి ఎన్నడూ నల్లబడలేదు. ఆ సీటు సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే ఒకావిడది. నలభై ఏళ్లుంటాయి. హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పద్నాలుగో నంబరు మిషను అదృష్టవంతురాలని ఆఫీసులో పేరు పడింది. పేరు పడ్డాక మేనేజరు గారు ఊరుకుంటారా? దాన్ని తన గదికి మార్పించుకుని తనది ఆవిడకిచ్చారు. దశావతారాలను ఒక్కొక్కటిగా దించి, మళ్లీ వరస తప్పకుండా పద్నాలుగో నంబరు మీద నిలబెట్టారు. ఆ శనివారం మేనేజరు గారి గదిలో పది అవతారాల కింద తెర నల్లగా ఉంది. ఆయన వదిలేసిన పాత మిషను ఆవిడ టేబుల్ మీద చక్కగా వెలుగుతోంది.

అంటే అదృష్టం మిషనుది కాదు, ఆవిడది అని తేలింది. సోమవారం నుంచే అది అదృష్టం కాదన్న మాట కూడా మొదలైంది. ముప్పై ఒక్క మందికి లేనిది ఒక్కరికే ఉందంటే, ఆ ముప్పై ఒక్క మంది దగ్గరి నుంచి లాక్కున్నదేగా అన్నది వాళ్ల లాజిక్కు.

అప్పుడు నాకు ఆలస్యంగా ఒక బుద్ధి పుట్టింది. ఫోను వచ్చాక పరుగెత్తడం కాదు, జబ్బు వచ్చే వేళకు అక్కడే ఉండాలి అనుకున్నాను. తర్వాతి శనివారం తొమ్మిదిన్నరకే వెళ్లి, సర్వర్ గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను.

అటెండరు తలుపులు తీసిన అయిదు నిమిషాలకే ఆవిడ వచ్చారు. క్యారేజీ టేబుల్ కింద పెట్టి, స్విచ్ వేశారు. టైము చూశాను, తొమ్మిదీ నలభై. తెర వెలిగింది. ఫస్టు బస్సుకే వచ్చిన ఇద్దరు నేతగాళ్లను పిలిచి, వాళ్ల నూలు కాగితాలు కొట్టడం మొదలుపెట్టారు.

“మేడం, మీరు పదిన్నర దాకా ఆగరా? శనివారం రాహుకాలం కదా” అన్నాను.

“మా అమ్మ కొల్లేటి చేపలమ్మిందండీ” అన్నారావిడ, కీబోర్డు మీంచి చేతులు తీయకుండా. “గంపల మధ్యనే పెరిగాను. ఐసు కరిగిపోతా ఉంటే రాహుకాలం ఎవరు చూస్తారు? లారీ వచ్చినప్పుడే ఎక్కించాలి. ఇంకో సంగతేంటంటే, ఎనిమిదింటి బస్సు తప్పితే ఆ తర్వాతది ఎప్పుడొచ్చుద్దో బస్సుకే తెలీదు. ముందే వచ్చి గోళ్లు గిల్లుకుంటా కూర్చోవడం నా వల్ల కాదండీ.”

పదింటికి మిగతా వాళ్లంతా వచ్చారు. ఎవరి సీట్లో వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో పంచాంగం పెద్దాయన అని అందరూ పిలిచే సూపరింటెండెంటు ఉండేవారు. బల్ల సొరుగులో ఫైళ్లకన్నా పంచాంగాలు ఎక్కువ. ఆయన గోడ గడియారం కింద నిలబడ్డారు. వరండాలో నలభై మంది నేతగాళ్లు. లోపల ముప్పై ఒక్క మంది వేళ్లు స్విచ్‌ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మేనేజరు గారు తలుపు తీసి పెట్టుకుని తన సీట్లోంచే చూస్తున్నారు. పదిన్నర ముల్లు మీదికి రాగానే పెద్దాయన చెయ్యెత్తి, “కానీయండి” అన్నారు.

ముప్పై ఒక్క స్విచ్‌లు ఒక్క చప్పుడుతో పడ్డాయి. ముప్పై ఒక్క తెరలు నల్లగా ఉండిపోయాయి.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నవ్వుకోండి. రోగం నా కళ్ల ముందే చెయ్యెత్తి మరీ కానీయండి అంటే, నేను వెళ్లి సర్వర్ వెనక తీగలు కదిపి చూశాను. ఎందుకంటే నేనూ రాహుకాలంలో కొత్త బోర్డు బిగించేవాణ్ని కాదు. పదిన్నర దాకా ఆగడం నాకు ఎంత మామూలు విషయమంటే, అది కారణాల జాబితాలోకి రావచ్చన్న ఊహే నాకు లేదు.

కంపెనీ పద్ధతి ప్రకారం సర్వీసు రిపోర్టు రాశాను. చూసింది చూసినట్టు రాశాను. ‘పద్నాలుగో సీటు వారు టెర్మినల్‌ను 9.40కి ఆన్ చేశారు, పనిచేసింది. మిగతా ముప్పై ఒకటి 10.30కి ఆన్ చేశారు, పనిచేయలేదు. కారణం పరిశీలనలో ఉంది.’ మేనేజరు గారు దాన్ని రెండుసార్లు చదివి, సంతకం చేసి, ఒక కాపీ అడిగి తీసుకున్నారు. ఇంత శ్రద్ధగా నా రిపోర్టు ఇదివరకు ఎవరూ చదవలేదని పొంగిపోయాను కూడా.

తర్వాతి గురువారం ఆవిడ దగ్గర నుంచి ఫోను వచ్చింది. “ఇంజనీరు గారూ, మీరు రాసిన కాగితం ఒకటి ఇక్కడ ఉందండీ. ఒకసారి వచ్చి అర్థం చెప్పి పెడతారా?”

వెళ్లాను. ఆవిడను ఉత్తరాన ఎక్కడో ఉన్న గోడౌనుకు బదిలీ చేస్తున్నట్టు ఉత్తరం టైపయింది. రైల్లో ఒక రాత్రంతా ప్రయాణం చేయాల్సిన చోటు. ఉత్తరంలో కారణం ‘పరిపాలనా సౌలభ్యం కొరకు’ అని ఉంది. వెనక జతపరిచింది నా రిపోర్టు. రాహుకాలంలో ఒక మిషను మొదలుపెట్టడం వల్లే ఆ దోషం మిగతా ముప్పై ఒకటికీ చుట్టుకుంటోందని, దీనికి కంపెనీ ఇంజనీరు గారి కాగితమే రుజువని మేనేజరు గారు అందరికీ చెప్పారట. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. ధర్మంగా ఉండాలని ఒక్క శనివారం గడువు ఇచ్చారు. ఆ శనివారం కూడా తెరలు నల్లబడితే మధ్యాహ్నం సంతకం పెడతానన్నారు.

“మిమ్మల్ని కూడా పదిన్నరకు వేయమని చెప్పలేదా?” అని అడిగాను.

“చెప్పారండీ. నేను వేయనన్నాను. ఫస్టు బస్సుకి వచ్చిన వాళ్లని పదిన్నర దాకా ఎట్టా కూర్చోబెడతాను? తప్పు చేయనప్పుడు మానుకోవడం దేనికి?” కాగితాలు సర్దుతూ అన్నారు, “మా అమ్మాయి పదో తరగతి. మార్చిలో పరీక్షలు. అది కూడా చెప్పాను, వినలేదు.”

నేను ఉన్నదే రాశానని గొణిగాను.

“నా మిషను ఎందుకు బాగుందో మీరు రాయాలి. నేను ఎప్పుడు వేశానో రాశారు. అంతే గదా” అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నాకు కాఫీ తెప్పించి ఎంతో ఆప్యాయంగా, “మీరు సైన్సు చదివిన వారు. మీ కాగితంలోనే ఉందిగా సార్, టైముతో సహా” అన్నారు.

శుక్రవారం పొద్దున్న ఆరింటికి మా వీధిలో కుళాయి నీళ్లు వచ్చే వేళ. మేం రెండో అంతస్తులో ఉండేవాళ్లం. గెడ్డం గీసుకుంటూ కుళాయి విప్పితే చుక్క రాలేదు.

“మోటారు వేయలేదా?” అని అరిచాను.

మా ఆవిడ వంటింట్లోంచే జవాబిచ్చింది. “ఇప్పుడు వేస్తే ఏం లాభం? వీధిలో మోటార్లన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఎవరికీ సరిగ్గా రావు, గాలి తప్ప. పావుగంట ఆగి వేస్తే ధారగా వస్తాయి. ఇన్నేళ్లుగా నేను చేసేది అదే. మీకు ఇవాళ తెలిసిందా?”

ఇవాళే తెలిసింది. సబ్బు నురగతో అలాగే నిలబడిపోయాను. ఒక కుళాయి, ముప్పై ఒక్క బిందెలు. మామూలు రోజుల్లో ఒకరు పదింటికి వస్తారు, ఒకరు పదింబావుకు వస్తారు, ఎవరు వచ్చినప్పుడు వాళ్లు స్విచ్ వేస్తారు. సర్వర్ ఒక్కొక్కరికీ తీరిగ్గా వడ్డిస్తుంది. శనివారం ఒక్కరోజే అందరూ ముల్లు చూసుకుని ఒకే క్షణాన అడుగుతున్నారు. మా సర్వర్ చిన్నది. నలుగురి దాకా అయితే ఒకేసారి లాగగలదు. ముప్పై ఒక్కరు మీద పడితే ఎవరికీ జవాబు చెప్పలేక చేతులెత్తేస్తోంది. తొమ్మిదీ నలభైకి ఒంటరిగా అడిగిన ఆవిడకు మాత్రం అడిగిందల్లా దొరుకుతోంది. వాళ్లు దోషం తగలకుండా ఎంత జాగ్రత్త పడితే తెరలు అంత కచ్చితంగా నల్లబడుతున్నాయి.

ఒక చెంప గెడ్డంతోనే హైదరాబాదులో మా పెద్దాఫీసరుకు ఫోను చేశాను. పెద్ద సర్వర్ కావాలన్నాను. పాతదానిలో ఏ పార్టు పోయిందో రాసి పంపమన్నాడు. ఏ పార్టూ పోలేదన్నాను. అయితే నీకేం జబ్బు అన్నాడు.

ఆఫీసుకు వెళ్లి మేనేజరు గారికి కుళాయి కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “అంటే తప్పు రాహుకాలం పాటించిన వాళ్లదంటారా?” అన్నారు. ఒకసారి అన్నీ ఆపి, ఒకేసారి వేసి చూపిస్తానన్నాను. “పనిచేస్తున్న మిషన్లని ఆపుతారా? అదీ శుక్రవారం, ఇంకో పది నిమిషాల్లో రాహుకాలం పెట్టుకుని?” అని లేచి నిలబడ్డారు. అక్కడితో నా సైన్సు అయిపోయింది.

కాళ్లీడ్చుకుంటూ బయట టీ కొట్టు దగ్గరికి వచ్చాను. పంచాంగం పెద్దాయన అక్కడే ఉన్నారు. మనసు ఉండబట్టక ఆయనకూ కుళాయి కథ చెప్పాను. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని అంతా విన్నారు.

“అంటే ప్రతి శనివారం నేను చెయ్యెత్తడం వల్లే అన్నమాట” అన్నారు.

“మీరు మంచికే చేశారండీ.”

“ఆవిణ్ణి పంపించేస్తుంటే నేను నోరు మెదపలేదు. అది మంచికి కాదుగా.” గ్లాసు పక్కన పెట్టారు. “మీక్కావాల్సింది అందరూ ఒకేసారి నొక్కకుండా ఉండటం, అంతేనా? దానికి శాస్త్రంలో దారుందండీ. తారాబలం. ఎవరి జన్మ నక్షత్రాన్ని బట్టి వాళ్లకి మంచి టైము వేరు. మీ ఇంజనీరింగు మా మేనేజరు గారికి ఎక్కదు. ఇదైతే ఎక్కుద్ది.”

“ఒక్కో టైముకి నలుగురికి మించకూడదండీ” అన్నాను.

“నక్షత్రానికి పాదాలు ఎన్నండీ? నాలుగే గదా” అన్నారాయన, శాస్త్రం సర్వర్‌ని చూసే రాశారన్నట్టు.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం రికార్డు గదిలో కూర్చుని జాబితా కట్టాం. అటెండరు సీటు సీటుకూ తిరిగి నక్షత్రాలు సేకరించుకొచ్చాడు. తొమ్మిది గుంపులు, గుంపుకూ గుంపుకూ మధ్య మూడు నిమిషాలు. రోహిణి వాళ్లు ఏడుగురు తేలారు. నేను కంగారుపడితే, పెద్దాయన ముగ్గుర్ని పాదం పేరు చెప్పి పక్క గుంపులోకి నెట్టారు. ఒక గుమాస్తాకు తన నక్షత్రం తెలియదు, పెళ్లప్పుడు చెప్పినది అబద్ధమట. అతని పేరును బట్టి, మాకు ఖాళీ ఉన్న చోటును బట్టి ఒక నక్షత్రం ఇచ్చాం.

“మరి ఆవిడ?” అన్నాను.

పెద్దాయన ఆవిణ్ణి నక్షత్రం అడగను కూడా లేదు. ‘పద్నాలుగో సీటు, సూర్యోదయం నుంచి శుభం, రాహుకాల దోషం వర్తించదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశారు. “నేను రాస్తే కాదనేవాడెవడు?” అన్నారు.

శనివారం. తొమ్మిదీ నలభైకి ఆవిడ స్విచ్ వేశారు. ఈసారి గుమ్మం దగ్గర అటెండరు, ముందే వచ్చిన నలుగురు గుమాస్తాలు నిలబడి చూశారు. పదిన్నరకు పెద్దాయన చెయ్యెత్తలేదు, జాబితా చదివారు. మొదటి గుంపు నలుగురు నొక్కారు. నాలుగు తెరలు వెలిగాయి. ఎవరో చప్పట్లు కొట్టబోతే పెద్దాయన కళ్లెర్రజేశారు. మూడు నిమిషాలు. రెండో గుంపు. వెలిగాయి. అయిదో గుంపులో ఒకాయన తన వంతు రాకముందే తొందరపడి నొక్కబోతే పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. నేను సర్వర్ పక్కన నిలబడి దాని ఫ్యాను చప్పుడు వింటూ నా ఇంటి దేవుళ్లందర్నీ తలుచుకుంటున్నాను. ఇంజనీర్నని అప్పుడు గుర్తులేదు.

మేనేజరు గారిది చివరి గుంపు. టేబుల్ మీద ఒక పక్క బదిలీ ఉత్తరం, దాని మీద పెన్ను. పదీ యాభై నాలుగుకు ఆయన స్విచ్ నొక్కారు. దశావతారాల కింద తెర కొంచెంసేపు నల్లగానే ఉంది. నారింజ దీపం మిణుకుమంది. మళ్లీ మిణుకుమంది. ఆయన చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది. అప్పుడు తెర వెలిగింది.

ఆయన కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని, “ఎంత దోషం పోగొట్టారండీ” అన్నారు. తర్వాత ఆ ఉత్తరాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, ఎన్నాళ్లుగానో ఊగుతున్న టేబుల్ కాలి కింద దోపారు.

అంతా బాగుందని ఆవిడకు చెప్పడానికి వెళ్లాను. అసలు సంగతి కూడా చెప్పాను, కుళాయి, బిందెలు, నలుగురి లెక్క. ఆవిడ విన్నారు. నేను థాంక్స్ ఆశించానని ఒప్పుకుంటున్నాను.

“బాగుందండీ” అన్నారు. “అంటే నా వల్ల కాదని మీకు తెలుసు, పెద్దాయనకి తెలుసు, నాకు తెలుసు. మిగతా అందరికీ మాత్రం నా దోషమేదో ఆయన విరగ్గొట్టారు.”

అందరినీ పిలిచి నిజం చెప్పవచ్చు. చెబితే జాబితా పోతుంది, జాబితా పోతే తెరలు నల్లబడతాయి, తెరలు నల్లబడితే ఉత్తరం టేబుల్ కాలి కింద నుంచి లేస్తుంది. ఇలా లెక్క వేసుకుని ఊరుకున్నాను. లెక్క సరైనదే. అయినా సిగ్గేసింది.

సర్వీసు రిపోర్టులో లోపానికి కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక, మేనేజరు గారు పక్కనే నిలబడి చూస్తుంటే ‘తారాబలం సరిచేయబడింది’ అని రాశాను. వారం తర్వాత హైదరాబాదు నుంచి మా ఆఫీసరు ఫోను చేశాడు. “ఈ తారాబలం అనే దాని పార్టు నంబరు రాయలేదేంటయ్యా? ఒకటి స్టాకులో పెట్టమంటావా?” అన్నాడు. పెట్టమన్నాను.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక శనివారం మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లాను. థిన్ క్లయింట్లు తీసేసి, ఎవరి డిస్కు వాళ్లకుండే మామూలు కంప్యూటర్లు పెట్టారు. పాత పెట్టెలు వెనక్కి తీసుకుపోయే పని నాదే. మేనేజరు గారు, పంచాంగం పెద్దాయన ఎప్పుడో రిటైరయ్యారు. మేనేజరు సీట్లో ఆవిడ ఉన్నారు. మానిటరు మీద దశావతారాలు లేవు, క్యారేజీ మాత్రం టేబుల్ కిందే ఉంది. దాని పక్కన, టేబుల్ కాలి కింద ఆ మడతల కాగితం కూడా ఉంది.

“దాన్ని ఇంకా తీయించలేదేంటండీ?” అన్నాను.

“టేబులు ఊగుద్దండీ” అన్నారు.

హాల్లోకి వచ్చి చూస్తే, గోడ మీద పెద్దాయన జాబితా లామినేషన్ చేసి మేకుకు వేలాడుతోంది. కొత్త కంప్యూటర్ల ముందు సగం మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. సర్వర్‌తో పనిలేని మిషన్లకు వంతులు నడుస్తున్నాయి. వాళ్లలో సగం మంది ఆ జాబితా నాటికి ఉద్యోగంలోనే లేరు, సీటుతో పాటు పాతవాళ్ల నక్షత్రం కూడా వాళ్లకు సంక్రమించింది.

నాలో ఎనిమిదేళ్లుగా నానుతున్నది ఆగలేదు. హాలు మధ్యలో నిలబడి, గట్టిగా, అందరికీ చెప్పాను. అప్పట్లో తెరలు నల్లబడింది చిన్న సర్వర్ మీద అందరూ ఒకేసారి పడటం వల్ల అని, దోషం ఎవరిదీ కాదని, పద్నాలుగో సీటు వారిది అసలే కాదని, నా రిపోర్టు సగమే చెప్పిందని, జాబితా మేమిద్దరం కూర్చుని అల్లిందని చెప్పాను. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. ఆవిడకు వినపడాలనే అంత గట్టిగా మాట్లాడాను.

హాలంతా మర్యాదగా విన్నది. కిటికీ పక్కన ఒక గుమాస్తా వాచీ చూసుకుని, “అంతా నిజమేనండీ. నా టైము పదీ నలభై రెండు, ఇంకా రెండు నిమిషాలుంది. ఈలోగా టీ తాగుదామా?” అన్నాడు.

ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నవ్వుతున్నారు. ఆవిడ నవ్వడం ఆ ఆఫీసులో అప్పుడే మొదటిసారి చూశాను.

“ఎనిమిదేళ్లు లేటండీ ఇంజనీరు గారూ” అన్నారు. “మీకన్నా మా జంక్షన్ బస్సు నయం.”